రాత్రికి ఎంతమంది తింటున్నారు?

కొన్నాళ్ల కిందట ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాను. ఇంట్లో తిండి వృథా కాకుండా చూస్తానని చెప్పే విదేశీ యాప్. కొన్న ప్రతి వస్తువు బార్‌కోడ్ దానికి చూపించాలి. గడువు ఎప్పుడు ముగుస్తుందో అది గుర్తుపెట్టుకుని, ఒకరోజు ముందు గంట కొడుతుంది. పెరుగు ప్యాకెట్, బ్రెడ్, జామ్ సీసా దాకా బాగానే నడిచింది. ఆదివారం పటమట రైతు బజారు నుంచి రెండు సంచులు మోసుకొచ్చి వంటగట్టు మీద కుమ్మరించాక అసలు సంగతి తెలిసింది. తోటకూర కట్టకు బార్‌కోడ్ ఉండదు. దొండకాయలకూ ఉండదు. కిలో వంకాయల్లో మూడు పుచ్చులొస్తే, ఆ సంగతి చెప్పుకునే చోటు అందులో లేదు. ఒక్కొక్కటీ టైపు చేసి ఎక్కించేసరికి ఇరవై నిమిషాలైంది. ఇదంతా చూస్తూ కూరలు సర్దుకుంటున్న మా ఆవిడ ఒకే మాటంది: "ఫ్రిజ్‌లో ఏముందో నాకు తెలుసండీ. రాత్రికి మీరొచ్చి తింటారో లేదో చెప్పండి ముందు."

యాప్ ఆ రాత్రే తీసేశాను. ఆ మాట మాత్రం వదల్లేదు. ఇలాంటి యాప్‌లు తయారుచేసేవాళ్లు ఇల్లంటే ఫ్రిజ్ అనుకుంటున్నారు. బెజవాడ ఇళ్లలో వృథా మొదలయ్యేది ఫ్రిజ్‌లో కాదని నా వాదన. కుక్కర్లో బియ్యం పోసేటప్పుడే అది మొదలవుతుంది.

అంకెలు చూద్దాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 మార్చిలో విడుదల చేసిన ఆహార వృథా సూచీ ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని పారేసింది. అందులో 60 శాతం ఇళ్లలోదే. హోటళ్లు, క్యాంటీన్ల వాటా 28 శాతం, దుకాణాలది 12. ఇళ్లలో తలకు ఏడాదికి ప్రపంచ సగటు 79 కిలోలు, మన దేశానికి వేసిన అంచనా 55. నలుగురున్న ఇంట్లో రోజుకు ఆరు వందల గ్రాములన్నమాట.

ఆరు వందల గ్రాములా అని కంగారుపడేముందు ఒక సంగతి గమనించాలి. ఈ లెక్కలో తినేదీ తిననిదీ రెండూ ఉన్నాయి. అరటి తొక్క, మామిడి టెంక, చేప ముళ్లు, కోడి ఎముకలు అన్నీ కలిపే తూచారు. బీరకాయ తొక్కతో పచ్చడి చేసే ఇంటికీ, చెత్తబుట్టలో వేసే ఇంటికీ తేడా అక్కడే ఉంది. పైగా ఈ అంచనా వెనకున్న అధ్యయనాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అదే సంస్థ 2021 నివేదికలో మన దేశం లెక్కకు ఆధారమైన వాటిలో ఒకటి ఉత్తరాంధ్రలోని రాజాంలో జరిగింది. అక్కడ తలకు 58 కిలోలు తేలింది. డెహ్రాడూన్‌లో జరిగిన రెండింటిలో ఒకటి 73 అంటే, ఇంకొకటి 20 అంది. ఒకే ఊరు, ఇంత తేడా! అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు గానీ, ఇంత పెద్ద దేశం ఒక్క కుండలో ఉడకదు. బెజవాడలో ఇంటికి ఎంత పోతోందో తెలియాలంటే ఇక్కడే తూచాలి.

మళ్లీ కుక్కర్ దగ్గరికి వద్దాం. సాయంత్రం ఏడింటికి వంట చేసే మనిషి ముందున్న ప్రశ్న చాలా చిన్నది. ఎన్ని గ్లాసులు పోయాలి? ఆయన ఆఫీసు నుంచి ఎప్పుడొస్తాడో తెలియదు. కొడుకు బెంజి సర్కిల్ దగ్గర స్నేహితులతో ఏదో ఒకటి తినేసి వస్తాడు, ఆ విషయం తొమ్మిదింటికి చెబుతాడు. కూతురు డైటింగంటుంది, అది ఇవాళ ఉందో లేదో ఆమెకే తెలియదు. మామగారికి షుగర్, రాత్రిపూట రెండు పుల్కాలే. వంట చేసే మనిషికి ఇన్ని తెలియవు. తెలియనప్పుడు ఎవరైనా ఒక గ్లాసు ఎక్కువే పోస్తారు. తక్కువైతే మాట పడాలి, మిగిలితే చెత్తబుట్టే కదా మోసేది. అడగందే అమ్మయినా పెట్టదని సామెత చెప్పుకుంటాం గానీ, మన ఇళ్లలో అడగకపోయినా పెడుతుంది, వద్దన్నా వడ్డిస్తుంది. కిలో బియ్యం వండితే రెండున్నర, మూడు కిలోల అన్నమవుతుంది కాబట్టి ఆ ఎక్కువ గ్లాసు మర్నాడు పెద్ద గిన్నెడై కనబడుతుంది. కిలో బియ్యం పండడానికి ప్రపంచ సగటున దాదాపు 2,500 లీటర్ల నీళ్లు పడతాయని లెక్క. కృష్ణ నీళ్ల కోసం రెండు రాష్ట్రాలు ట్రైబ్యునళ్ల చుట్టూ తిరుగుతుంటే, అదే నీటిని మనం సింకులో ఒంపుతున్నాం.

అందుకే నేను గీసే యాప్‌లో మొదటి తెర వంట చేసేవాళ్ల ఫోన్‌లో ఉండదు. తినేవాళ్ల ఫోన్‌లో ఉంటుంది. సాయంత్రం ఐదింటికి ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక సందేశం వెళ్తుంది: రాత్రికి ఇంట్లో తింటున్నారా? తింటాను, బయటే తింటాను, పెరుగన్నం చాలు. మూడే బటన్లు. దీనికి కొత్త యాప్ దింపుకోవడం కూడా అనవసరం. రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరిలో సర్టిఫికెట్లు, బిల్లుల సేవల్ని 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోకి తెచ్చింది. జనం ఎక్కడున్నారో అక్కడికే వెళ్లాలని ప్రభుత్వానికే తెలిసినప్పుడు, కుర్ర స్టార్టప్‌లు ఫోన్‌లో ఇంకో గుర్తు పెట్టించాలని ఎందుకు ఆరాటపడతాయో నాకు అర్థం కాదు.

చిక్కంతా జవాబివ్వని మనిషి దగ్గరుంది. ఏడింటిదాకా కొడుకు నోరు మెదపలేదనుకోండి. తింటాడని లెక్కేస్తే వృథా ఎక్కడిదక్కడే ఉంటుంది. తినడని లెక్కేస్తే ఏ తల్లీ ఆ యాప్‌ను రెండో రోజు ముట్టుకోదు. డిజైన్ చేసేవాళ్లు ఎక్కువ బుర్ర పెట్టాల్సింది ఇక్కడే. నాకు తోచిన దారి ఇది: జవాబు రాని మనిషికి అన్నం లెక్కలో చోటివ్వకుండా, పది నిమిషాల్లో అయ్యేదేదో పక్కన రాసిపెట్టాలి. అట్ల పిండి ఉంటే అట్టు, లేకపోతే ఉప్మా. ఆ మనిషి వస్తే వేడివేడిగా తింటాడు. రాకపోతే రవ్వ రవ్వలాగే ఉంటుంది.

రెండో విషయం, గ్లాసు. యాప్‌లన్నీ గ్రాముల్లో అడుగుతాయి. మన వంటింట్లో గ్రాముల్లేవు. మా నాయనమ్మకు సోల, గిద్ద ఉండేవి, మాకు ఒక స్టీలు గ్లాసుంది, దాని అంచు కొంచెం సొట్టపోయింది. ఆ గ్లాసే మా ఇంటి కొలత. మొదటి వారం యాప్ చేయాల్సిన పని ఆ గ్లాసును అర్థం చేసుకోవడం. ఎన్ని పోశారు, ఎంతమంది తిన్నారు, ఎంత మిగిలింది? మిగిలింది కూడా అంకెల్లో అడగొద్దు, ఏమీ లేదు, ఒకరికి సరిపోను, ఇద్దరికి సరిపోను అంటే చాలు. పది రోజుల్లో ఆ ఇంటికి గ్లాసుకు ఎంతమందో దానికే తెలిసిపోతుంది. ఇదంతా నోటితో చెప్పగలగాలి. చేతికి పిండి అంటుకున్న మనిషి టైపు చేయదు. సొరకాయన్నా ఆనపకాయన్నా ఒకటేనని, పల్లీలన్నా వేరుశనగ గుళ్లన్నా ఒకటేనని దానికి తెలియాలి. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా గుర్తుపట్టాలి, ఎందుకంటే మన పిల్లలు కొట్టేది అలాగే.

కూరగాయల సంగతికొస్తే గడువు తేదీల కన్నా వరస ముఖ్యం. ఆదివారం ఒక్కరోజే వారానికి సరిపడా తెచ్చుకునే ఇళ్లలో సోమవారం బంగాళదుంప వేపుడు, బుధవారం సొరకాయ పప్పు చేసి, శుక్రవారం కుళ్లిన తోటకూర పారేస్తారు. తోటకూర, గోంగూర మొదటి రెండు రోజుల్లో తెగాలి, తర్వాత బెండ, వంకాయ, ఆ తర్వాత దొండ, బీర. సొర, గుమ్మడి, దుంపలు వారాంతం దాకా ఆగుతాయి. రోజుకు ఒక్క లైను చాలు, ఇవాళ గోంగూర తీయండి అని. ఇక ప్యాకెట్ల మీద 'యూజ్ బై', 'బెస్ట్ బిఫోర్' అని రెండు మాటలుంటాయి. మొదటిది దాటితే తినకూడదు, రెండోది దాటితే రుచి తగ్గొచ్చని మాత్రమే అర్థం. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల్లో మొదటి దాన్ని తప్పనిసరి చేసి, రెండో దాన్ని కంపెనీ ఇష్టానికి వదిలింది. ఈ తేడాను తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పే యాప్ నాకింకా తగల్లేదు.

మిగిలింది పంచుకుంటే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. విదేశాల్లో ఆ పద్ధతి బాగా నడిచింది. 2015లో లండన్‌లో పుట్టిన 'ఓలియో' ఇరుగుపొరుగు మధ్య మిగులు తిండిని పంచుతుంది, అదే ఏడాది డెన్మార్క్‌లో మొదలైన 'టూ గుడ్ టు గో' దుకాణాల్లో మిగిలినవాటిని తక్కువ ధరకు అమ్మిస్తుంది. ఇక్కడ దాన్ని దించుకునేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. మనకు మిగులు వేరు, ఎంగిలి వేరు, ఆ రెంటి మధ్య గీత సన్నం. పక్కింటికి గిన్నెడు గోంగూర పచ్చడి పంపితే ప్రేమ. నిన్నటి సాంబారు పంపితే, మిగిలింది మాకు పెట్టారని ఏడాది చెప్పుకుంటారు. పనావిడకు ఇస్తాం కాబట్టి మా ఇంట్లో వృథా లేదనేవాళ్లున్నారు. ఫ్రిజ్‌లో మూడు రోజులున్న కూర ఆమె డబ్బాలోకి మారితే వృథా ఆగినట్టా, మన చెత్తబుట్ట నుంచి ఆమె చెత్తబుట్టకు మారినట్టా? పెళ్లిళ్లు, ఫంక్షన్ హాళ్ల సంగతి వేరు. అక్కడ మిగిలేది చేయి పడని వంట, పరిమాణం పెద్దది, దాన్ని సేకరించి పంచడానికి 2019లో ఆహార భద్రతా సంస్థ నిబంధనలే చేసింది. ఇంటి వంటకు ఆ దారి సరిపడదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. వృథా తగ్గించమని వెంటపడే యాప్, పాడైంది తినమని చెప్పే యాప్‌గా మారకూడదు. బెజవాడలో మే నెలంటే 44, 45 డిగ్రీలు. రాత్రి ఎనిమిదింటికి వండిన అన్నం హాట్‌ప్యాక్‌లో పదకొండింటిదాకా గోరువెచ్చగా కూర్చుంటుంది, ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియాకు ఆ వెచ్చదనమే కావాలి. అది వదిలే విషాల్లో ఒకటి మళ్లీ వేడిచేసినా పోదు. వేడన్నం ఫ్రిజ్‌లో పెట్టకూడదని పొద్దుటిదాకా బయట ఉంచే అలవాటు మన ఇళ్లలో గట్టిది. వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టండి, ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచొద్దు అని యాప్ చెప్పాలి. తెల్లారి పులిహోర ఎలా కలపాలో చెప్పడం తర్వాతి పని, పైగా అది మన ఆడవాళ్లకు యాప్ నేర్పక్కర్లేదు. ఇడ్లీలు మిగిలితే ఇడ్లీ ఉప్మా, పిండి పులిస్తే ఊతప్పం, పెరుగు పులిస్తే మజ్జిగ పులుసు. కృత్రిమ మేధతో వంటకాలు సూచిస్తామని గొప్పలు పోయే యాప్‌లు ఈ వంటింటికొచ్చి కొత్తగా చెప్పేదేముంది?

లెక్క ఎవరికి చూపించాలన్నదీ తేల్చుకోవాలి. ఈ నెల ఇన్ని వందల రూపాయల కూడు పారేశారు అని తెర మీద పడితే, ఆ తిట్లు ఎవరికి తగులుతాయి? వండిన మనిషికే. అత్తగారి చేతిలోనో భర్త చేతిలోనో ఆ అంకె కర్రలా మారుతుంది. నేనైతే వృథాను వంటకం పేరున రాయను, మాట తప్పిన మనిషి పేరున రాస్తాను. వస్తానని బటన్ నొక్కి రాని రోజులు ఈ నెల నాలుగు. ఆ లెక్క ఆ మనిషికి ఒక్కడికే కనిపిస్తే చాలు. ఇంట్లో ఎవరు ఏ పూట ఉండరో చెప్పే సమాచారం దొంగకు కూడా పనికొస్తుంది కాబట్టి, అది ఆ ఇంటి ఫోన్లు దాటి ఎక్కడికీ పోకూడదు.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? వాడేవాళ్లను అడిగితే అందరూ తగ్గిందనే అంటారు. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2021లో పెద్ద నగరాల్లో మూడో స్థానం తెచ్చుకున్న ఊరు మనది, తడిచెత్తకు ఆకుపచ్చ బుట్ట అలవాటైంది. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి ఎంచుకుని, ప్రతి ఇంటికీ వండిన తిండి కోసం విడిగా ఒక డబ్బా ఇచ్చి, నెలపాటు యాప్ లేకుండా, నెలపాటు యాప్‌తో తూచాలి. ఒక త్రాసు, ఓపికున్న వాచ్‌మన్, అతనికి నెలకు కొంత డబ్బు. స్టార్టప్ పోటీల్లో రంగురంగుల స్లైడ్లకు పెట్టే ఖర్చులో ఇది ఎంత? అన్నట్టు, సందుకొకటి ఉన్న మన కర్రీ పాయింట్లు ఒక్క మనిషికి సరిపోయే చిన్న ప్యాకెట్ అమ్మడం మొదలుపెడితే, నేను గీసిన యాప్ కన్నా ఎక్కువ సాంబారు మిగిలిపోకుండా ఆగుతుందని నా అనుమానం.

మా ఇంట్లో యాప్ లేదు. రెండు నెలలుగా ఇంటి వాట్సాప్ గ్రూపులో సాయంత్రం ఐదింటికి మా అమ్మాయి ఒక పోల్ పెడుతోంది. నేనే రెండుసార్లు వస్తానని నొక్కి రాలేదు, రెండుసార్లూ మా ఆవిడ ఏమీ అనకుండా పోల్ స్క్రీన్‌షాట్ పంపింది. వారంలో ఐదు రోజులు గిన్నె అడుగు కనిపిస్తోంది. ఆదివారం మాత్రం పోల్ పెట్టడం మానేశాం. ఆ రోజు తెనాలి నుంచి ఎవరో ఒకరు చెప్పాపెట్టకుండా వస్తారు, మా అమ్మ ఎవరినీ అడగకుండానే ఇంకో గ్లాసు బియ్యం కడుగుతుంది.