డెల్టా-8 అయితే గంజాయి కాదా?

అమెరికా నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసులో చాక్లెట్ల పక్కన గమ్మీల డబ్బా ఉండి, దాని మీద 'హెంప్, డెల్టా-8' అని రాసి ఉంటే బెజవాడలో ఏ తల్లికీ అనుమానం రాదు. 'అక్కడ చట్టబద్ధమేనట' అనే మాట కూడా దాంతోపాటే దిగుతుంది. ఆ మాట ఇక్కడ చెల్లదు. గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ; దాని ప్రధాన రూపం డెల్టా-9. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం షెడ్యూలులో డెల్టా-9తో పాటు డెల్టా-8, డెల్టా-10 కూడా ఉన్నాయి.

ఆ అంకె అణువులో ద్విబంధం ఎన్నో కార్బన్ దగ్గర ఉందో చెబుతుంది, అంతే. డెల్టా-8, డెల్టా-9 రెండూ మెదడులో మత్తు కలిగించే సీబీ1 గ్రాహకాలనే పట్టుకుంటాయి. డెల్టా-8 పట్టు కాస్త వదులు కాబట్టి మత్తు తగ్గుతుందే తప్ప పోదు. మొక్కలో అది దొరికేది బహు స్వల్పం. అందుకే అదే మొక్కలోని మత్తులేని పదార్థం సీబీడీని ఆమ్లాలతో మార్చి తయారుచేస్తారు. శుద్ధి సరిగా జరక్కపోతే ఆమ్లం, ద్రావకం, పేరు తెలియని ఉప పదార్థాలు అందులోనే మిగిలిపోతాయి. నా దృష్టిలో డెల్టా-9 కన్నా ఇదే ఎక్కువ భయపెట్టాల్సిన విషయం.

ఈ సరుకు పుట్టుకకు కారణం అమెరికా 2018 ఫార్మ్ బిల్లు (వ్యవసాయ చట్టం). మొక్క ఎండు బరువులో డెల్టా-9 0.3 శాతం దాటకపోతే అది గంజాయి కాదు, హెంప్ అంది, మిగతా టీహెచ్‌సీ రూపాలకు పరిమితి పెట్టలేదు. టీహెచ్‌సీఏ కూడా ఆ సందులోంచే దూరింది. పచ్చి మొక్కలో ఉండే ఈ ఆమ్లానికి మత్తు లేదు. వేడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ పోయి డెల్టా-9 అవుతుంది. బరువు తగ్గుతుంది కనుక టీహెచ్‌సీఏ శాతాన్ని 0.877తో గుణించి డెల్టా-9కి కలపాలి. లేబుల్ మీద డెల్టా-9 0.2, టీహెచ్‌సీఏ 20 శాతం అని ఉంటే, కాల్చాక అసలు లెక్క దాదాపు 17.7 శాతం. ల్యాబులోనూ ఇదే తిరకాసు: పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతుల్లో గ్యాస్ క్రొమటోగ్రఫీ నమూనాను వేడిచేస్తుంది కాబట్టి రెండూ కలిసిపోతాయి, లిక్విడ్ క్రొమటోగ్రఫీలో విడివిడిగా కనిపిస్తాయి.

మన దగ్గర కేసు బరువును బట్టి నడుస్తుంది: గంజాయి కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. ఎంత ఘాటు సరుకో ఆ కిలోలు చెప్పవు. గమ్మీల విషయంలో టీహెచ్‌సీ ఎన్ని మిల్లీగ్రాములన్నదే ప్రాణం.

పొగ నిమిషాల్లో ఎక్కుతుంది. తిన్నది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, ఎందుకంటే అది ముందు జీర్ణమై పేగుల నుంచి రక్తంలోకి చేరాలి. దారిలో కాలేయం దాన్ని 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీగా మారుస్తుంది. అది మరింత బలంగా, ఎక్కువసేపు పనిచేస్తుంది. 'ఏమీ కాలేదే' అని కుర్రాడు రెండోది నోట్లో వేసుకునేది ఆ వ్యవధిలోనే. చిన్నపిల్లలు మిఠాయనుకుని తింటే మగతలోకి జారి ఊపిరి మందగించవచ్చు. ఆగి చూడకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లాలి. డబ్బా కూడా పట్టుకెళ్లి, ఎన్ని తిన్నారో, ఎన్నింటికి తిన్నారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.