మగ్గం ఇంట్లోనే ఉంది, సంఘం సభ్యత్వం ఎవరి పేరు మీద?

శిల్పారామంలో చేనేత మేళా పెడితే మన హైదరాబాదీలం ఎగబడి కొంటాం, బేరమూ గట్టిగానే ఆడతాం. పైగా, పాపం ఆ నేతపని చేసే ఆడవాళ్లు ఇంటిపట్టున ఉంటూనే నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్నారని మెచ్చుకుంటాం. ఈ మెచ్చుకోలే నాకు మింగుడుపడదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేత, అనుబంధ పనుల్లో ఉన్న 35 లక్షల మందిలో 72 శాతం ఆడవాళ్లే. ఇల్లు గడిచేదే వాళ్ల చేతుల మీద.

పోచంపల్లి చీర సంగతే చూడండి. నేత మొదలయ్యేలోపే కండెలు (నూలు చుట్టే చిన్న గొట్టాలు) చుట్టాలి, ఆసు పోయాలి, రంగు అంటకూడని చోట పోగులకు ముడులు బిగించి చిటికీలు కట్టాలి, రంగులు వేయాలి. ఆసు పోయడమంటే వరసగా ఉన్న మేకుల చుట్టూ పోగును తిప్పుతూ పోవడం, ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి, భుజం పడిపోతుంది. తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. యంత్రం సరే, ఆ పనికి విడిగా కూలీ రాసేదెవరు? చాలా ఇళ్లలో అది చీర కూలీలోనే కలిసిపోతుంది, డబ్బు మగ్గం ఎవరి పేరున ఉంటే వాళ్ల చేతికి వెళ్తుంది.

ఆడవాళ్లు తమ పేరు మీదే చేనేత సహకార సంఘం పెట్టుకోవాలని నేననేది ఇందుకే. మాస్టర్ వీవర్ అయితే నూలు ఇచ్చి, చీర తీసుకుని కూలీ చేతిలో పెడతాడు, లాభం ఆయనది. సంఘంలో లాభంలో వాటా, ఓటు సభ్యులవి. మరి భర్త ఒక్కడే సభ్యుడైతే ఆమెకు ఒరిగేదేంటి? కార్మికులు కూలీలోంచి 8 శాతం దాచుకుంటే తెలంగాణ ప్రభుత్వం 16 శాతం కలిపేలా 2017లో పొదుపు పథకం తెచ్చారు, అనుబంధ కార్మికులనూ చేర్చారు. మంచిదే, కానీ లెక్కలో లేని కూలీ మీద పొదుపెక్కడిది?

నగరంలో ఇంకో తిప్పలుంది. అద్దె గదిలో గుంట మగ్గానికి గొయ్యి తవ్వుతానంటే ఏ ఓనరు ఊరుకుంటాడు? రాయదుర్గం వైపు, పాత నేతలకు మళ్లీ ప్రాణం పోసిన సురయ్యా హసన్ బోస్ (2021లో కన్నుమూశారు) తన సొంత కార్ఖానాలో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లకు నేత నేర్పి, పట్టూ నూలూ కలిపి నేసే హిమ్రూ, మష్రూ బట్టలు నేయించారు. అది సంఘం కాదు, ఇంటి పనీ కాదు, అయినా మగ్గం దగ్గర కూర్చున్నది వాళ్లే. సిటీలో మహిళా సంఘం పెట్టేవాళ్లు మగ్గాలకు ఒక షెడ్డు చూసుకుని, ఇంట్లో చేసే పనికి కండెలకు ఇంత, ఆసుకు ఇంత అని రేటు గోడ మీద రాయించి, డబ్బు ఆమె ఖాతాలోనే వేయాలి. ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు, శాలువాలు ఎలాగూ కప్పుతారు.