వదిలేసిన ఆయుధాలు: తప్పు ఆగస్టుది కాదు

2021 ఆగస్టులో అఫ్గానిస్తాన్ నుంచి వెళ్లిపోతూ అమెరికా 85 బిలియన్ డాలర్ల ఆయుధాలను తాలిబన్లకు అప్పనంగా అప్పగించి వచ్చిందని ట్రంప్ అంటూనే ఉన్నారు. నిజానికి ఆ అంకె ఇరవై ఏళ్లలో అఫ్గాన్ బలగాల మీద పెట్టిన మొత్తం ఖర్చుకు దగ్గరగా ఉంటుంది. జీతాలు, శిక్షణ, ఇంధనం అన్నీ అందులోవే. అక్కడ మిగిలిన సామగ్రి విలువ 7.1 బిలియన్ డాలర్లని 2022లో పెంటగాన్ లెక్క తేల్చింది. అది కూడా అఫ్గాన్ సైన్యానికి ఎప్పుడో ఇచ్చేసిందే. అలాగని తప్పు లేదని కాదు. దాన్ని ఆగస్టులో వెతికితే దొరకదు, అంతే.

ఇరాక్ నుంచి 2011లో అమెరికా సైన్యం వైదొలిగినప్పుడు కాన్వాయ్‌లు నేరుగా కువైట్‌లోకి దిగిపోయాయి. పక్కనే ఓడరేవు. అఫ్గానిస్తాన్‌కు సముద్రమే లేదు. బరువైన సరుకు కరాచీ నుంచి పాక్ సరిహద్దు దారులైన తోర్ఖమ్, చమన్ మీదుగా లారీల్లో రావాలి, అలాగే పోవాలి. 2011 నవంబరులో పాక్ సరిహద్దులోని సలాలా దగ్గర నాటో దాడిలో 24 మంది పాక్ సైనికులు చనిపోవడంతో పాకిస్తాన్ ఆ దారులు మూసేసింది. మళ్లీ తెరవడానికి ఏడు నెలలు పట్టింది. అంతకాలం మధ్య ఆసియా గుండా చుట్టు తిరగడమే, నెలకు 100 మిలియన్ డాలర్లు అదనం.

అందుకే 2013 నాటికి వింత పరిస్థితి వచ్చింది. మందుపాతరలను తట్టుకునేలా, ఒక్కోటి దాదాపు మిలియన్ డాలర్లు పోసి చేయించిన ఎంరాప్ వాహనాలను వందల కొద్దీ ముక్కలుగా కోసి తుక్కు కింద అమ్మేశారు. తెచ్చుకుంటే రవాణా ఖర్చు తడిసి మోపెడవుతుంది, అఫ్గాన్ సైన్యానికి ఇస్తే రిపేర్లు చేసుకోలేదు.

నా దృష్టిలో అసలు జబ్బు ఈ రిపేర్ల దగ్గరే ఉంది. అఫ్గాన్ మెకానిక్‌లకు చేయి తిరిగినవి రష్యన్ ఎంఐ-17 హెలికాప్టర్లు. వాటిని పక్కనపెట్టి, విదేశీ కాంట్రాక్టర్లు లేనిదే నడవని అమెరికన్ హెలికాప్టర్లు బ్లాక్‌హాక్‌లు అంటగట్టారు. 2021లో కాంట్రాక్టర్లు వెళ్లిపోగానే వాయుసేన కుదేలైంది. అదే జులైలో కొత్త అఫ్గాన్ కమాండర్‌కు కూడా చెప్పకుండా రాత్రికి రాత్రి అమెరికా ప్రధాన వైమానిక స్థావరం బగ్రాంను ఖాళీ చేశారు. వదిలిపోయిన వేలాది వాహనాల్లో చాలావాటికి తాళాలే లేవు!

కాబూల్ విమానాశ్రయంలో ఉన్న 73 విమానాలు, హెలికాప్టర్లను మాత్రం పనికిరాకుండా చేసి వెళ్లారు. బయట తిరిగిన ఫొటోల్లో చాలావరకు వాటివే. కానీ రైఫిల్‌కు కాంట్రాక్టరూ అక్కర్లేదు, తాళమూ అక్కర్లేదు. తమ మీద దాడులకు దిగే మిలిటెంట్ల చేతుల్లో అఫ్గాన్ నుంచి వచ్చిన అమెరికన్ రైఫిళ్లు ఉన్నాయని పాకిస్తాన్ మొత్తుకుంటోంది. సామగ్రి తిరిగివ్వాలని 2025లో ట్రంప్ అడిగితే తాలిబన్లు కుదరదన్నారు. ఒప్పుకున్నా, సరిహద్దు దాటిన తుపాకులను వాళ్లెక్కడి నుంచి తెచ్చిస్తారు?