రెండడుగుల టేబుల్ ఎవరి కోసం?

ఇవాళ పొద్దున ఒక కొటేషన్ చూసినప్పటి నుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది. హైదరాబాద్‌లో పదడుగులకు పదడుగుల గది. దాన్ని ఇంట్లో ఆఫీసుగా మార్చాలి, అంతా చెక్క ఫినిషు, అంతా గోడకి బిగించిన ఫర్నిచర్. ఇంటీరియర్ వాళ్ళు రాసిచ్చింది ఒక్క లైను: "స్టడీ యూనిట్, ప్రీమియం వుడ్ ఫినిష్, 6 అడుగులు బై 2 అడుగులు, లంప్‌సమ్." పక్కన ఆరంకెల మొత్తం. ఏ ప్లై, ఎంత మందం, టేబుల్ ఎత్తెంత, ప్లగ్గులెన్ని, వైర్లు ఎటు పోతాయి, ఒక్క ముక్క లేదు. వెనక గోడకి కొట్టే గీతల ప్యానెల్ రంగు పేరు మాత్రం రెండుసార్లు రాశారు.

ముందు ఆ రెండడుగుల సంగతి తేల్చుకుందాం. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు బై నాలుగడుగులు. నాలుగడుగుల వెడల్పుని సరిగ్గా మధ్యకి కోస్తే రెండు ముక్కలొస్తాయి. రంపం తినేది పోగా ఒక్కోటి 24 అంగుళాలకి రవ్వంత తక్కువ. ఊళ్ళో ప్రతి కొటేషన్‌లోనూ టేబుల్ లోతు రెండడుగులే ఉండేది అందుకు. అది షీటుకి కుదిరిన కొలత. మీ కళ్ళకీ మానిటర్‌కీ మధ్య ఎంత దూరం ఉండాలో ఎవరూ కొలవలేదు. మానిటర్ స్టాండుకి ఎనిమిది తొమ్మిది అంగుళాలు, వెనక వైరు వంగడానికి రెండు, కీబోర్డుకి ఆరు, దాని ముందు మణికట్టు ఆనడానికి నాలుగు. ఇక మిగిలేదేంటి? 27 అంగుళాల స్క్రీన్ మొహం మీదికి వచ్చేస్తుంది. చెయ్యి చాపితే వేలి కొసలు తగిలేంత దూరంలో స్క్రీన్ ఉండాలంటే టేబుల్ లోతు 28 అంగుళాలు కావాలి. 30 అయితే ఇంకా హాయి.

అడిగితే "వేస్టేజ్ అవుతుంది సార్" అంటారు. అవదు! 28 కోశాక మిగిలేది ఎనిమిదడుగుల పొడవున 20 అంగుళాల పట్టీ. దాన్ని నిలువునా చీలిస్తే పుస్తకాల అరలకి దాదాపు పదేసి అంగుళాల చెక్కలు రెండొస్తాయి. పుస్తకానికి పది అంగుళాల లోతు చాలు. బాక్సు ఫైళ్ళు పెట్టే ఒక్క అరకే పన్నెండు కావాలి, దాని పైన పద్నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి. కాగితం మీద పది నిమిషాలు కూర్చుని కట్టింగ్ ప్లాన్ గీసుకుంటే ముక్క పోదు. గీసే ఓపిక లేక ఆ భారం మీ మెడ మీదా కళ్ళ మీదా వేస్తున్నారు.

ఎత్తు ఇంకో దారుణం. ఎవరింట్లో చూసినా 30 అంగుళాలే, అది భోజనాల బల్ల అలవాటు. మీరు రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చోండి, పాదాలు రెండూ నేలకి ఆనించండి, మోచేయి తొంభై డిగ్రీలకి మడవండి, నేల నుంచి మోచేతి వరకు టేపుతో కొలవండి. ఆ అంకే మీ టేబుల్ పైభాగం ఎత్తు. ఐదడుగుల రెండంగుళాల మనిషికి 30 అంగుళాల టేబుల్ కట్టిస్తే భుజాలు రెండూ రోజంతా పైకి లేచే ఉంటాయి. సాయంత్రానికి మెడ పట్టేస్తే తప్పంతా కుర్చీ మీదికి పోతుంది. మామూలు టేబుల్ అయితే కాళ్ళు కోసుకోవచ్చు. గోడకి బిగించిన దాన్ని ఇక దించలేరు. అది చాలదన్నట్టు మోకాళ్ళ పైన నడి మధ్యలో ఒక డ్రాయరు. పైచెక్క మందం, డ్రాయరు లోతు కలిపి ఐదారంగుళాలు అక్కడే పోతాయి, తొడలు ఇరుక్కుంటాయి. డ్రాయర్లు పక్కన పెట్టించండి. మధ్యలో కనీసం 28 అంగుళాల వెడల్పు ఖాళీగా వదలాలి.

ఇక చెక్క. "ప్లైవుడ్ వాడతాం" అనేది సమాధానం కాదు. "కూరలో నూనె వేస్తాం" అన్నట్టుంది అది. ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) రకంలో జిగురు యూరియా రెజిన్, గాలిలో తేమకి ఆగినా తడి తగిలే చోట నిలవదు. బీడబ్ల్యూపీ (బాయిలింగ్ వాటర్ ప్రూఫ్), అంటే ఐఎస్ 710 మెరైన్ ప్లై, ఫినాల్ రెజిన్‌తో అతికించినది. మరిగే నీళ్ళలో 72 గంటలు ఉంచినా పొరలు విడిపోకూడదని దాని పరీక్ష. గది మొత్తానికి అదే వాడాలని నేననను, డబ్బు దండగ. తడి గుడ్డ తగిలే కింది అడుగు భాగానికి, బాత్రూమ్ గోడకి ఆనుకున్న వైపుకి మాత్రం అదే ఉండాలి. పొడి గోడ మీద అరలకి దానికంటే తక్కువది సరిపోతుంది. షీటు మీద ఐఎస్ఐ ముద్ర చూసి ఊరుకోవద్దు. ముద్ర పక్కన సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. తర్వాత షీటు కోసిన అంచు దగ్గర కూర్చుని ఒక్కో పొరా చూడండి. పొరల మధ్య వేలిగోరు దూరేంత చీకటి సందు కనిపిస్తే అక్కడ కోర్ (లోపలి పొర) ఖాళీ ఉన్నట్టు. రేపు హింజ్ స్క్రూ సరిగ్గా అక్కడ పడిందంటే తలుపు ఆరు నెలల్లో వాలిపోతుంది.

ఆరడుగుల టేబుల్‌కి 18 ఎంఎం చెక్క ఒక్కటే పరిచి, రెండు చివర్లా ఆనించి వదిలేస్తే మధ్యలో కుంగుతుంది. కుంగి తీరుతుంది. రెండు చెక్కలు అతికించి 36 ఎంఎం చేయాలి, లేదా కింద ఒక అంగుళం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) చదరపు పైపు ఫ్రేము వేయాలి. పుస్తకాల అర అయితే 32 అంగుళాలకి మించి ఆధారం లేకుండా పోకూడదు. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు) అరలైతే ఇంకా తక్కువ. ఎండీఎఫ్ అంచులోకి స్క్రూ దింపితే చీలుతుంది, ఒకసారి విప్పితే మళ్ళీ పట్టదు.

టేబుల్ ముందంచు గురించి ఎవరూ మాట్లాడరు. ముంజేతులు రోజుకి ఎనిమిది గంటలు ఆనేది అక్కడే. చెమట, నూనె, గాజులు, వాచీ, అన్నీ అక్కడే రాసుకుంటాయి. దానికి ఒక ఎంఎం కూడా లేని పీవీసీ పట్టీ అతికించి వెళ్ళిపోతారు. రెండు వేసవులు గడిచేసరికి మూల దగ్గర చిన్నగా లేస్తుంది. ఆ సందులో నల్లటి మట్టి గీత కడుతుంది, చొక్కా చేతి దారం చిక్కుతుంది, తర్వాత ఒకరోజు జానెడు పట్టీ ఊడి చేతికొస్తుంది. ఆ అంచుకి పన్నెండు ఎంఎం గట్టి టేకు పట్టీ అతికించి, పై మూలని గుండ్రంగా చెక్కి, టేబుల్‌తో పాటే పాలిష్ పట్టించాలి. ఆరడుగుల టేబుల్‌కి పోయే టేకు ఒక ముక్క. టేకు డిపోలో తలుపు చట్రాలు కోయగా మిగిలిన పట్టీల్లోంచి కూడా వస్తుంది. ఈ ఒక్కటి చేయించుకోండి, మిగతా పోస్టు చదవకపోయినా ఫర్లేదు.

"వుడ్ ఫినిష్" అన్న మాట మీదే నాకు కోపం. ఆ మాట కింద మూడు వేర్వేరు వస్తువులు దాక్కుంటాయి. అసలు చెక్క పొర ఉన్న వెనీర్, చెక్క బొమ్మ అచ్చేసిన లామినేట్, గోడకి అతికించే పీవీసీ గీతల ప్యానెల్. మూడింటి ధరకీ పోలిక లేదు, ఆయుష్షుకీ లేదు. లామినేట్ తక్కువదేం కాదు. పిల్లలున్న ఇంట్లో టేబుల్ పైభాగానికి నేను మ్యాట్ లామినేటే చెప్తాను, వేడి కప్పు పెట్టినా మచ్చ పడదు. కాకపోతే పైన ఒక ఎంఎం లామినేట్ వేసి, కింది వైపు ఉత్త ప్లై వదిలేస్తే చెక్క విల్లులా వంగుతుంది. రెండు వైపులా వేయాలి, కింది వైపు పల్చనిది సరిపోతుంది. వెనీర్ తీసుకుంటే షాపులో అరచేయంత సాంపిల్ చూసి ఒప్పుకోకండి. పూర్తి షీటు నిలబెట్టించి, పగటి వెలుతురులో చూడండి. మీ గదికి కావాల్సిన షీట్లన్నీ ఒకే కట్టలోంచి, వరస నంబర్లతో తీసుకోండి. వేరే కట్టలోది ఒక్కటి కలిసినా, పాలిష్ పడ్డాక ఆ తలుపు ఒక్కటే పరాయిదానిలా కనిపిస్తుంది. అప్పుడిక చేసేదేం లేదు.

పాలిష్‌కి తొందరపెట్టేవాళ్ళ మాట వినకండి. 180 నంబరు గరుకు కాగితంతో గ్రెయిన్ (చెక్క నార) పోయే దిక్కునే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గీతలు స్టెయిన్ పడ్డాక బయటపడతాయి. తర్వాత 240. సీలర్ రెండు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య 320. ఆ పైన పీయూ (పాలీయురేథేన్) మ్యాట్ పాలిష్ రెండు కోట్లు. హార్డెనర్ కలిపిన డబ్బాని పొద్దున కలిపి సాయంత్రం వరకు సాగదీయకూడదు. ముసురు పట్టిన రోజు మెలమైన్ పాలిష్ కొట్టారంటే గాలిలో తేమకి పైన తెల్లటి మసక కమ్ముతుంది. విశాఖ, కాకినాడ వైపు వాళ్ళు ఇది ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. రెండ్రోజులు ఆగమనండి, కొంప మునగదు.

గోడ తడి చూడకుండా పని మొదలుపెట్టడం మాత్రం నేరం. రెండడుగుల పాలిథిన్ షీటుని నాలుగు వైపులా టేపు వేసి గోడకి అంటించి రెండ్రోజులు వదలండి. లోపలి వైపు నీటి చుక్కలు పడితే ముందు ప్లంబర్, తర్వాతే వడ్రంగి. పొడిగా ఉన్నా యూనిట్ వెనక్కీ గోడకీ మధ్య పది ఎంఎం ఖాళీ వదలండి. వెనక చెక్క గోడ వైపు ముఖానికి కూడా ప్రైమర్ పట్టించండి. ఎవరికీ కనపడదని ఆ ముఖాన్నే వదిలేస్తారు, చెదలు వచ్చేది ఆ వైపు నుంచే. మట్టి గీత మన కంటపడేసరికి లోపల అట్ట మిగిలి ఉంటుంది. కింద నాలుగంగుళాల పీఠం గ్రానైట్‌తోనో కడప బండతోనో కట్టండి. చెక్క నేలకి తగలకూడదు.

కరెంటు పని వడ్రంగి రాకముందే అయిపోవాలి. లాప్‌టాప్, మానిటర్, లాంపు, ఫోను, రౌటర్, ప్రింటర్, యూపీఎస్, అప్పుడే ఏడు. టేబుల్ పైన ఆరంగుళాల ఎత్తులో నాలుగు ప్లగ్గులు, కింద నేల నుంచి అడుగున్నర ఎత్తులో నాలుగు, అందులో రెండు ఇన్వర్టర్ లైను మీద. ల్యాన్ కేబుల్‌కి వేరే పైపు, కరెంటు వైర్లతో ఒకే పైపులో వద్దు. టేబుల్ వెనక అంచున 60 ఎంఎం రంధ్రాలు రెండు. రౌటర్‌నీ సీపీయూనీ తలుపులున్న పెట్టెలో బంధించకండి, ఊపిరాడక చస్తాయి. అందంగా వెలిగే ప్రొఫైల్ లైటుకి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్‌ని ప్యానెల్ వెనక పెట్టి మేకులు కొట్టేస్తున్నారు. డ్రైవర్ పోయిన రోజు వెనీర్ చీల్చుకుని లోపలికి పోవాలి! దాన్ని చేతికందే చోట, అటక మీదో డ్రాయర్ల వెనకో పెట్టమనండి. టేబుల్ మీదికి 4000కె (కెల్విన్, వెలుతురు రంగు కొలత) వెలుతురు, అరలకి 3000కె. 6500 తెలుపు కింద ఎంత మంచి టేకైనా పాలిపోతుంది. కిటికీ మీ పక్కన ఉండాలి. ఎదురుగా ఉంటే కళ్ళు జిగేలుమంటాయి, వెనక ఉంటే మీటింగులో మీ మొహం నల్లటి నీడలా కనపడుతుంది.

మీటింగ్ అంటే గుర్తొచ్చింది, ఆ గీతల ప్యానెళ్ళు. దగ్గర దగ్గరగా ఉన్న సన్న గీతలు కెమెరాలో మెలికలు తిరుగుతూ మెరుస్తాయి, అవతలి వాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. ఆ గాడుల్లో చేరే దుమ్ము తుడవడానికి గుడ్డ కూడా పట్టదు, బ్రష్షు కావాలి. అది ఎవరు తుడవాలి? ప్యానెల్ ఎంపిక చేసేవాళ్ళు ఒకరు, తుడిచేవాళ్ళు ఇంకొకరు మన ఇళ్ళల్లో.

అసలు నాకు పాత కోపం ఒకటుంది, అది చెప్పకుండా ఈ పోస్టు ఆపలేను. మన ఇళ్ళల్లో సింహద్వారానికి టేకు కొంటారు, బల్లార్షా టేకా కాదా అని డిపోలో గంటసేపు బేరమాడతారు. పూజగది తలుపుకి చెక్కడాలు, గంటలు. టీవీ గోడకి వెనీర్. ఇంటిల్లిపాదికీ తిండి పెట్టే పని జరిగే టేబుల్‌కి మాత్రం "మిగిలిన ముక్కల్తో ఒక స్టడీ టేబుల్ కొట్టేయ్ మిస్త్రీ!" టీవీ యూనిట్‌లో మిగిలిన ముక్కలవి. అందులోనూ ఇంట్లో ఇద్దరు ఉద్యోగం చేస్తుంటే గది ఆయనకి, ఆమెకి డైనింగ్ టేబుల్ చివర. పదడుగుల గోడ మీద రెండు టేబుళ్ళు చక్కగా పడతాయి, ఒక్కోటి నాలుగున్నర అడుగులు, మధ్యలో అడుగు వెడల్పు డ్రాయర్లు. నేను కొలిచే చెప్తున్నాను. పడవని చెప్పేవాళ్ళు టేపు తీసి చూడలేదు.

దానికి మించిన కోపం గోడ అల్మరాల మీద. పాత ఇళ్ళల్లో గోడలోనే కడప బండ అరలు, ముందు టేకు తలుపులు ఉంటాయి కదా. అరకి చెదలు పట్టవు, నీటికి ఉబ్బదు, మూడడుగుల పొడవున లా పుస్తకాలు పేర్చినా కుంగదు. బిల్టిన్ ఫర్నిచర్ మనకి ఎవరో వచ్చి నేర్పాల్సిందా? ఇల్లు కొనగానే మొదటి వారం చేసే పని వాటిని సుత్తితో పగలగొట్టించడం. ఆ గుంతలో పార్టికల్ బోర్డు పెట్టె కూర్చోబెట్టి, మూడో వానకి అది ఉబ్బిందని ఏడవడం.

అలాంటి అల్మరా ఉన్న గది దొరికితే దాన్నే ఆఫీసు చేసుకోండి. తలుపులు విప్పి పాత పెయింటు గీకించండి, కింద టేకు బయటపడితే రుద్ది పాలిష్ పెట్టించండి. బండల మీద నూనె మరకలుంటే మళ్ళీ పాలిష్ పట్టిస్తే చాలావరకు పోతాయి, యాసిడ్ మాత్రం పోయనివ్వకండి, అది సున్నపురాయి, తినేస్తుంది. మీ మోచేతి కొలతకి కుదిరే ఎత్తులో ఉన్న బండ ముందు 28 అంగుళాల లోతు టేబుల్ అమర్చండి. కొత్త ఫ్లాట్‌లో ఇలాంటిది కట్టించుకోవాలనుకుంటే నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడకి గాడి కొట్టనివ్వకండి. బండల్నే నిలువుగా నిలబెట్టి వాటి మీద అడ్డబండలు పేర్పించండి, అంగుళం మందం సరిపోతుంది. బరువు ఎక్కువ కాబట్టి కింది నుంచే కట్టుకురావాలి, గోడకి వేలాడదీయకూడదు.

ఆ కొటేషన్ ఎత్తు, లోతు, ప్లై రకం, ప్లగ్గులు, డ్రైవర్ ఎక్కడ పెడతారో అన్నీ రాసివ్వమని తిరిగి వెళ్ళింది. అవి కాగితం మీద పడేదాకా అడ్వాన్స్ లేదు.