తుపాకీ సరే, కుక్క ఏది?

అడవి పందుల గోల మన రైతులకు కొత్తగా చెప్పేదేం లేదు. మక్కజొన్న కంకి పాలు పట్టే వేళకు మంద దిగిందంటే తెల్లారేసరికి చేను నేలకు అంటుకుపోతుంది. కాల్చడానికి అనుమతులు, వాటిపై జంతుప్రేమికుల అభ్యంతరాలు, అన్నీ చదువుతూనే ఉన్నాం. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామాలో 200కు పైగా నీల్గాయిలను (మనుబోతులను) కాల్చిన షూటర్లు వెళ్లింది మన హైదరాబాద్ నుంచే. లెక్కకొచ్చేవి ఎప్పుడూ పడిపోయినవే. తూటా తగిలినా పడకుండా, పేగులు వేలాడేసుకుని పొదల్లోకి పోయిన వాటిని ఎవరు వెతుకుతారు?

జర్మనీలో ఆ పని కుక్కది. గాయపడ్డ జంతువును బాధపడనివ్వకుండా వెంటనే చంపాలని అక్కడి ఫెడరల్ వేట చట్టం చెబుతుంది. అందుకు పనికొచ్చే కుక్క అందుబాటులో ఉండాలని చాలా రాష్ట్రాల చట్టాలూ అంటాయి. హానోవర్, బవేరియా కుక్క జాతులను తయారుచేసిందే ఇందుకు.

ఆ కుక్కను తయారుచేసే తీరు చూడాలి. నెత్తురు చుక్కలు కాస్త దూరం పోయాక ఆగిపోవచ్చు, గిట్టల వాసన మాత్రం నేలమీద ఉంటుంది. అందుకే శిక్షకుడు ప్రత్యేకమైన బూట్ల కింద దుప్పి గిట్టలో పంది గిట్టలో బిగించుకుని పచ్చికలో నడుస్తాడు. చివర ఒక తోలుముక్క, దాని దగ్గర కాస్త కార్జం పెడతాడు. కూనకు మొదట కొద్ది అడుగుల తిన్నని జాడ, తర్వాత ఒక మలుపు, ఆ తర్వాత రాత్రంతా మంచులో తడిసిన జాడ. పెద్ద పరీక్షలో అయితే పావు లీటరు నెత్తురుతో వేసిన కిలోమీటరు జాడను కనీసం 20 గంటలు పాతబడ్డాక పట్టాలి. మధ్యలో వేరే దుప్పి తాజాగా దాటిపోయినా దాని వెంట పడకూడదు.

మలుపు దగ్గర కుక్క నేరుగా దాటిపోతుంది. నాలుగడుగులు వేసి తల ఎత్తుతుంది, తోక ఆగిపోతుంది. జాడ వేసింది తనే కాబట్టి ఎటు తిరగాలో మనిషికి తెలుసు. చెయ్యి దురద పెడుతుంది. తాడు కాస్త లాగాడా, అప్పటినుంచి కుక్క ముక్కును వదిలేసి చేతిని నమ్ముకుంటుంది. అందుకే గుడ్లప్పగించి నిలబడతాడు. అది గుండ్రంగా తిరిగి, మళ్లీ నేలకు ముక్కు ఆనించాక తాడు దానంతటదే బిగుస్తుంది. చూసేవాడికి కూడా టెన్షనే!

ఊళ్లలో కుక్కలతో కుందేళ్లను, పందులను తరిమి చంపేవాళ్లున్నారు, ఈ విద్య వాళ్లకు అబ్బితే ఎలా అని అటవీ అధికారులు అనొచ్చు. భయం నిజమే. కుక్కను అటవీ శాఖే పెంచాలి, తాడు విప్పకూడదు. వేటగాళ్లను పట్టే అటవీ జాగిలాలకు దేశంలో 2008 నుంచీ శిక్షణ ఇస్తున్నారు. మొయినాబాద్‌లో పోలీసు జాగిలాల శిక్షణ కేంద్రమే ఉంది. చేతకాని పనేం కాదు.

అసలు జబ్బు వేరే. మొదలుపెట్టడానికి మన దగ్గర ఫారం ఉంటుంది, ముగించడానికి ఉండదు. బోరు వేస్తాం, నీళ్లు పడకపోతే కేసింగ్ పీక్కుని పోతాం. వదిలేసిన బోర్లు పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలిచ్చింది. 2017 జూన్‌లో చేవెళ్ల మండలంలో పసిపాప అలాంటి గుంతలోనే పడి చనిపోయింది. గాయపడ్డ పందిదీ అదే దారి: కాల్చినవాడి పని ట్రిగ్గర్‌తో అయిపోయింది, మిగతాది అడవి చూసుకోవాలి.

కాల్పుల అనుమతి పత్రంలో షూటర్ పేరు పక్కన కుక్క పేరు కూడా రాయమనండి. రాయలేకపోతే ఆ రాత్రికి తుపాకీ బీరువాలోనే ఉంటుంది.