అన్ని కార్లకూ సిరామిక్ ప్యాడ్లే మేలంటే ఒప్పుకోలేను
ఒక వ్యాసంలో సిరామిక్ బ్రేక్ ప్యాడ్లు (చక్రంతో పాటు తిరిగే డిస్కుని రెండు పక్కలా నొక్కి బండిని ఆపే పింగాణీ రకం పలకలు) ఏ కారుకైనా మంచివే అని రాశారు, నాకు అక్కడే తేడా కొట్టింది. బెంగళూరులో సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో రోజూ ఆఫీసుకి తిరిగే బండికైతే సరే, నిజంగానే బాగుంటాయి. నేను వేయించి ఏడాదిన్నర అయింది. అంతకు ముందు పాత ప్యాడ్లతో, వారం తిరిగేసరికి ముందు చక్రాల మీద నల్లటి పొడి పేరుకుపోయేది, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే గుడ్డంతా మసే, ఇప్పుడా బాధ లేదు, కీచుమనే చప్పుడూ పోయింది. కానీ పోయిన సంక్రాంతికి ఐదుగురం, డిక్కీ నిండా సామానుతో ఊరికెళ్తూ పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగుతుంటే పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా బండి మాత్రం మునుపటిలా ఆగడం లేదు, కాలిన వాసన కూడా. చాలా భయమేసింది. సెకండ్ గేర్‌లోకి మార్చి, మెల్లగా దింపి, పక్కన ఆపి, వేడెక్కిన బ్రేకుల్ని అరగంట చల్లారనిచ్చాను. బరువుతో ఘాట్లు తరచూ దిగేవాళ్లకి సెమీ మెటాలిక్, అంటే లోహపు పొడి, పీచు కలిపి చేసిన ప్యాడ్, నయం, చప్పుడు చేసినా, దుమ్ము రాల్చినా వేడిని బాగా తట్టుకుంటుంది. ఇంకో సంగతి ఆ వ్యాసంలో లేనే లేదు: మన దగ్గర చాలా చిన్న కార్లకి వెనక డ్రమ్ బ్రేకులే, వాటిలో డిస్క్ ఉండదు, గుండ్రటి డ్రమ్ముని లోపలి నుంచి ఒత్తే షూలు ఉంటాయి, ప్యాడ్లు కాదు. కాబట్టి నాలుగు చక్రాలకీ సిరామిక్ ప్యాడ్లు వేస్తామని ఎవరైనా చెబితే డబ్బిచ్చే ముందు వెనక చక్రం లోపల డిస్క్ ఉందో లేదో మీరే వంగి చూసుకోండి.