పదేళ్లయినా గ్రీన్ కార్డు రాలేదంటే లోపం ఎవరిది?

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో గుంటూరు నుంచి బాబాయి ఒక మెసేజ్ ఫార్వర్డ్ చేశారు. అదే వారంలో ఇంజినీరింగ్ స్నేహితుల గ్రూపులోనూ అదే కనిపించింది. అందులో ఉన్నది ఇది: "నిజంగా టాలెంట్ ఉన్నవాళ్లకి అమెరికాలో రెండు మూడేళ్లలో గ్రీన్ కార్డు వచ్చేస్తుంది. పదేళ్లయినా రాలేదంటే లోపం వాళ్లలోనే ఉంది. అక్కడ పిల్లలు పుట్టినా తల్లిదండ్రులకి కార్డు ఇస్తారు. మనవాళ్లే దొంగ రెజ్యూమేలతో లైన్ పాడు చేసుకున్నారు. అంత బాధగా ఉంటే తిరిగి రావచ్చుగా, ఎవరు ఆపారు?"

బాబాయి చెడ్డ ఉద్దేశంతో పంపలేదని నాకు తెలుసు. కానీ ఆ గ్రూపులో మా అమ్మ కూడా ఉంది. ఆ రాత్రి అమెరికాలో ఉన్న నాకు ఫోన్ చేసి, "నీ ఉద్యోగం బాగానే ఉందా నాన్నా? నువ్వేమైనా దాస్తున్నావా?" అని అడిగింది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు టాలెంట్ మాట. గ్రీన్ కార్డు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, కావాలంటే మనం పనిచేసే కంపెనీ మొదట పెర్మ్ అనే దరఖాస్తు వేయాలి. అంటే ప్రకటనలిచ్చి, ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని కార్మిక శాఖకు చూపించాలి. ఆ తర్వాత ఐ-140, అంటే ఇమిగ్రేషన్ శాఖకు కంపెనీ పెట్టే పిటిషన్. చదువు, అనుభవం, జీతం, అన్నీ అక్కడే చూస్తారు. నాది 2015లోనే అప్రూవ్ అయింది. అప్పటి నుంచి జరుగుతున్నది ఎదురుచూపే.

ఎందుకంటే ఉద్యోగాల మీద ఇచ్చే కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ అందులో 7 శాతం మించి ఇవ్వకూడదని చట్టం. 140 కోట్ల మంది ఉన్న ఇండియాకూ 7 శాతమే, దాదాపు నాలుగు లక్షల మంది ఉన్న ఐస్‌లాండ్‌కూ 7 శాతమే. పై చదువులు చదివినవాళ్లకని పెట్టిన, నేనున్న ఈబీ-2 కేటగిరీకి సుమారు 40,000 కార్డులు వస్తాయి. 7 శాతం లెక్కన మన వాటా 2,800. భార్యాపిల్లల కార్డులు కూడా ఇందులోంచే పోవాలి. ఇంటికి ముగ్గురనుకుంటే వెయ్యి మంది ఉద్యోగులకు కూడా సరిపోవు. మిగతా దేశాలవాళ్లు తీసుకోగా మిగిలితే మనకు వస్తాయి, మిగలకపోతే లేదు.

పైగా దేశం అంటే పాస్‌పోర్టు ఇచ్చిన దేశం కాదు, పుట్టిన దేశం. కడప నుంచి కువైట్ వెళ్లిన దంపతులకు పెద్దబ్బాయి కువైట్‌లో, చిన్నబ్బాయి కడపలో పుట్టారనుకోండి. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివి ఒకే కంపెనీలో ఒకే పని చేసినా, పెద్దవాడు కువైట్ లైన్‌లో ఉంటాడు, చిన్నవాడు ఇండియా లైన్‌లో ఉంటాడు. ఇక ఆ రంగంలో అగ్రశ్రేణి వాళ్లకని పెట్టిన ఈబీ-1 సంగతి. ఏ తేదీకి ముందు లైన్‌లో చేరినవాళ్ల వంతు వచ్చిందో నెలనెలా చెప్పేది వీసా బులెటిన్. 2025 అక్టోబరు బులెటిన్‌లో ఈబీ-1 ఇండియా తేదీ 2022 ఫిబ్రవరి 15. అంటే వాళ్లు కూడా మూడున్నరేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది.

నా ప్రయారిటీ డేట్, అంటే నేను లైన్‌లో చేరిన తేదీ, 2015 మార్చి. కోవిడ్ వల్ల కుటుంబ కోటాలో వాడకుండా మిగిలిన కార్డులు ఉద్యోగాల కోటాకు రావడంతో ఆ రెండేళ్లూ తేదీలు వేగంగా కదిలాయి. 2022 సెప్టెంబరు బులెటిన్‌లో ఈబీ-2 ఇండియా 2014 డిసెంబరు 1కి వచ్చేసింది. ఇంకో నాలుగు నెలలు జరిగితే మా వంతు. మా ఆవిడ మెడికల్ పరీక్ష చేసే డాక్టర్ ఎక్కడున్నారో కనుక్కుంది. కాగితాలన్నీ ఒక పసుపు కవర్లో సర్దింది. నేను పుట్టినప్పుడు మా ఊళ్లో ఎవరూ నమోదు చేయించలేదు. అందుకని అమ్మా, బాబాయీ నోటరీ చేయించి పంపిన అఫిడవిట్లు కూడా అందులో ఉన్నాయి. అక్టోబరు బులెటిన్ వచ్చింది. తేదీ 2012 ఏప్రిల్ 1కి వెనక్కి పోయింది. ఒక్క నెలలో రెండున్నరేళ్లకు పైగా. ఆ నెలలో నా చదువు మారలేదు, నా పనీ మారలేదు. 2025 అక్టోబరుకు అది 2013 ఏప్రిల్ 1 దగ్గరుంది. బాబాయ్, లైన్‌లో నా చోటు నిర్ణయించేది నా రెజ్యూమే కాదు, మీరు సంతకం పెట్టిన కాగితంలోని ఆ ఊరి పేరు.

పిల్లలు పుడితే కార్డు వస్తుందన్నది అసలే అబద్ధం. ఇక్కడ పుట్టిన బిడ్డ 21 ఏళ్లు నిండాకే తల్లిదండ్రుల కోసం దరఖాస్తు పెట్టగలడు. మా బాబు 2014లో పుట్టాడు. అంటే 2035.

మోసాల మాటలో కొంత నిజం ఉంది, దాచను. ఒకే మనిషి పేరు మీద నాలుగైదు కన్సల్టెన్సీలతో హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో పేర్లు వేయించినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 2023లో రిజిస్ట్రేషన్లు 7.8 లక్షలు దాటాయి. మరుసటి ఏడాది నుంచి మనిషికి ఒకే లెక్క అన్నాక బాగా పడిపోయాయి. ఆ పని చేసినవాళ్ల మీద నాకూ కోపమే. వాళ్ల వల్ల నష్టపోయింది లాటరీలో నిజాయితీగా నిలబడిన పిల్లలు. కానీ ఎవరు మోసం చేసినా, చేయకపోయినా ఆ లాటరీలో ఇచ్చేవి ఏటా 85,000 వీసాలే. గ్రీన్ కార్డుల మీద 7 శాతం పరిమితి అమెరికా చట్టసభ పెట్టింది, కన్సల్టెన్సీలు కాదు.

ఇంతమంది ఉండి అడగరా అంటారు. అడిగారు. 2007 జులైలో అందరూ గ్రీన్ కార్డుకు ఫైల్ చేయొచ్చని ప్రకటించి, కాగితాలు సిద్ధం చేసుకున్నాక వద్దన్నప్పుడు, మనవాళ్లు ఇమిగ్రేషన్ శాఖ అధిపతికి వందల కొద్దీ పూలగుత్తులు పంపి గాంధీగిరి చేశారు. ఆ నెలలోనే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. దేశాల పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ కూడా తన రూపంలో ఆమోదించింది. రెండిటినీ కలిపి ఒకటి చేయకుండానే ఆ సభ కాలం ముగిసిపోయింది.

ఇక తిరిగి రమ్మనడం. వెళ్లినవాళ్లున్నారు, వాళ్ల నిర్ణయం మీద నాకు గౌరవం ఉంది. మేమూ ఏటా సంక్రాంతికి కూర్చుని దీని గురించి మాట్లాడుకుంటాం. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలన్న టెన్షన్ ఉంది. రెండేళ్ల కింద మేనేజర్ పోస్టు ఇస్తామన్నారు. పని మారితే పెర్మ్, ఐ-140 మళ్లీ మొదటి నుంచి చేయాలని లాయర్ చెబితే వద్దన్నాను. ఇవన్నీ నాకు సంబంధించినవి, సర్దుకుంటాను. కానీ మా అమ్మాయికి ఏం చెప్పాలి? 2008 ఆగస్టులో గుంటూరులో పుట్టింది, మూడేళ్లప్పుడు మాతో వచ్చింది. ఆ తర్వాత ఆ ఊరు చూసింది నాలుగుసార్లు. మొన్న కాలేజీ దరఖాస్తు నింపుతూ పౌరసత్వం గడి దగ్గర ఆగింది. సిటిజన్ కాదు, పర్మనెంట్ రెసిడెంట్ కాదు. మూడోది, "ఇతరులు" అన్నదాన్ని నొక్కి, "అమ్మా, తమ్ముడికి ఈ గడి రాదు కదా" అంది. వాళ్లమ్మ జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ప్రభుత్వ విద్యా సాయానికి ఆమె అర్హురాలు కాదు. 2029 ఆగస్టులో 21 నిండితే, నా వీసా మీద ఆధారపడి ఆమెకు ఉన్న హెచ్-4 వీసా పోతుంది. మా దరఖాస్తులో ఆమె పేరూ ఉండదు. అప్పటికి మా తేదీ రాకపోతే, మూడేళ్ల వయసు నుంచి పెరిగిన ఊళ్లోనే స్టూడెంట్ వీసా మీద విదేశీ విద్యార్థిగా ఉండాలి, లేదంటే వెళ్లిపోవాలి.